నైవేద్యానికి ముందు తీసిపెట్టిన అరిసెలు

ప్రశ్న: నా వయసు 29. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. ఏడాదిన్నర కిందట ఇస్లాం స్వీకరించాను. ఎవరి కోసమో కాదు. రెండేళ్లు చదివి, ఆలోచించి, నా అంతట నేనే కలిమా (ఇస్లాం విశ్వాస వాక్యం) చదివాను. మొదటి ఆరు నెలలు తహజ్జుద్‌కు (రాత్రి నిద్రలేచి చేసే అదనపు నమాజు) కూడా లేచేదాన్ని. ఇప్పుడు ఫజర్ (తెల్లవారుజాము నమాజు) కూడా తప్పుతోంది. నమాజులో నిలబడితే మనసు వార్డులో తిరుగుతూ ఉంటుంది. అరబీకి నోరు తిరగదు. మా వీధిలోని ముస్లిం ఆడవాళ్లు మంచివాళ్లే. కానీ పేరు మార్చుకో, పెళ్లి చేసుకో, పండగకు ఇంటికి వెళ్లకు అంటారు. దగ్గర్లోని మసీదులో ఆడవాళ్లకు చోటు లేదు. నాన్న పోయి నాలుగేళ్లయింది. అమ్మకు బీపీ. ఆమెకు ఇంకా చెప్పలేదు. అన్నయ్యకు అనుమానం వచ్చింది. 'మతం మారితే పొలంలో వాటా ఉండదు, తెలుసా' అన్నాడు ఒకసారి. సంక్రాంతికి రమ్మని అమ్మ రోజూ ఫోను చేస్తోంది. వెళితే పూజలో కూర్చోవాలి, ప్రసాదం తినాలి. వెళ్లకపోతే ఆమె తట్టుకోలేదు. అసలు నేను నిజంగా ముస్లింనేనా, ఏదో ఊపులో మారిపోయానా అని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
- పేరు వద్దు, హైదరాబాద్

సమాధానం:

నీ వయసు దగ్గర్లో నాకో కూతురు ఉంది. అందుకని 'మీరు' అనలేకపోతున్నాను, ఏమీ అనుకోకు. ముప్పై ఏళ్ల కిందట నరసరావుపేట దగ్గర మా పల్లెలో నేనూ నువ్వు రాసిన ఈ ఉత్తరమంతా అనుభవించాను. రాయడానికి మనిషి దొరకలేదు, అంతే తేడా. అప్పట్లో నేను గుంటూరులో టీచరుగా చేసేదాన్ని. కలిమా చదివానని తెలిసిన ప్రతి ఒక్కరూ వేసిన మొదటి ప్రశ్న 'అబ్బాయి ఎవరు?' అని. హిందువులూ అదే అడిగారు, ముస్లింలూ అదే అడిగారు. ఆ ఒక్క విషయంలో రెండు మతాల వాళ్లకూ భలే ఏకాభిప్రాయం. ఆడపిల్ల తన బుర్రతో తాను దేవుడి గురించి ఆలోచించి ఉంటుందని ఎవరికీ తట్టలేదు.

నీ ఉత్తరంలో చివర రాసిన భయాన్ని ముందు తీసుకుంటాను. మిగతావన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే.

ప్రవక్త ముహమ్మద్ (స) దగ్గర లేఖకులుగా పనిచేసిన వారిలో హంజలా ఒకరు. ఒకరోజు ఆయన 'హంజలా కపటి అయిపోయాడు' అని తనను తానే తిట్టుకుంటూ వీధిలో పోతున్నాడు. ప్రవక్త (స)కు అత్యంత సన్నిహిత సహచరుడు అబూబక్ర్ ఎదురై ఏమిటి సంగతి అని అడిగారు. ప్రవక్త (స) దగ్గర కూర్చున్నంతసేపూ స్వర్గమూ నరకమూ కళ్లకు కట్టినట్టు ఉంటాయి, ఇంటికి పోయి భార్యాబిడ్డల్లో, పొలం పుట్రలో పడగానే అంతా మరిచిపోతున్నాను అన్నాడు హంజలా. నా సంగతీ అదేనయ్యా అన్నారు అబూబక్ర్. ఇద్దరూ కలిసి వెళ్లి ప్రవక్త (స)కు చెప్పుకున్నారు. ఎప్పుడూ ఆ మొదటి స్థితిలోనే ఉండిపోతే దేవదూతలు వచ్చి మీ పక్కల మీదా దారుల్లోనూ మీతో చేతులు కలుపుతారు, కానీ హంజలా, ఒక ఘడియ అలా, ఒక ఘడియ ఇలా అని ఆయన సమాధానపరిచారు. 'సహీహ్ ముస్లిం' అనే హదీసు (ప్రవక్త మాటలు, చేతల) గ్రంథంలో ఉన్న సంగతి ఇది. ఇద్దరిలో రెండో మనిషి అబూబక్ర్ అని గమనించు. ఆయనకే అలా ఉంటే, పన్నెండు గంటలు వార్డులో నిలబడి వచ్చిన నీకు ఉండదా?

మొదటి ఆరు నెలల ఉత్సాహం పెళ్లివారింటి సందడి లాంటిది. పందిరి విప్పాక మొదలయ్యేదే కాపురం. నువ్వు పందిరి విప్పారని ఏడుస్తున్నావు.

ఇప్పుడు పని చూద్దాం. రోజుకు ఫర్జ్ (తప్పనిసరి) రకాతులు, అంటే నమాజు విడతలు, 17. ఫజర్ 2, జుహర్ (మధ్యాహ్నం) 4, అసర్ (సాయంత్రం) 4, మగ్రిబ్ (పొద్దు గూకగానే) 3, ఇషా (రాత్రి) 4. వీటికి అటూ ఇటూ సున్నతులు, నఫిళ్లు, వితర్ అంటూ ఇంకా నమాజులున్నాయి. నీ చుట్టూ ఉన్నవాళ్లు పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు కాబట్టి మొత్తం మూటగట్టి మొదటి రోజే నీ నెత్తిన పెట్టి ఉంటారు. ఒక పల్లెటూరి అరబ్బు ప్రవక్త (స) దగ్గరికి వచ్చి విధులేమిటో అడిగి తెలుసుకుని, వీటికి ఒకటి కలపను, ఒకటి తగ్గించను అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ మాట నిలబెట్టుకుంటే అతను గట్టెక్కినట్టే అన్నారు ప్రవక్త (స). నువ్వు కొన్నాళ్లు ఆ పల్లెటూరి మనిషిలా ఉండు. తహజ్జుద్ మాట తరువాత. ముందు 17 రకాతులు నిలవనివ్వు. కొద్దిపాటిదైనా విడవకుండా చేసే పనే అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని ప్రవక్త (స) భార్య ఆయిషా (ర) చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ముందు సున్నతులు పట్టుకుని ఫర్జ్‌లు జారవిడుచుకున్న కొత్తవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లలో నేనూ ఉన్నాను.

ఫజర్ తప్పేది పగటి డ్యూటీ వారాల్లోనే అయి ఉంటుంది. రాత్రి డ్యూటీలో ఆ వేళకు ఎలాగూ మెలకువగానే ఉంటావు కదా. పగటి వారాల్లో ఇషా అయ్యాక ఫోను పక్క గదిలో పెట్టి పడుకో. అప్పటికీ మెలకువ రాకపోతే, లేచిన వెంటనే చదువుకో. నిద్రలో పోయినా, మరిచిపోయినా, గుర్తొచ్చినప్పుడు చదవమన్నదే ఆదేశం. 'ఎలాగూ తప్పింది, ఇక రేపటి నుంచి' అనేది సైతాను మాట. అది మా ఊళ్లో చీటీ డబ్బు ఎగ్గొట్టేవాళ్లు కూడా వాడే మాట.

జుహర్‌కు హైదరాబాద్‌లో సుమారుగా మధ్యాహ్నం 12.30 నుంచి 4 గంటల దాకా వ్యవధి ఉంటుంది, హనఫీ అనే ధర్మశాస్త్ర శాఖ లెక్క ప్రకారం. ఆ మూడున్నర గంటల్లో నాలుగు రకాతులకు కావలసింది అయిదారు నిమిషాలు. చిక్కంతా వుజూ (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం) దగ్గరే అని నాకు తెలుసు. ఆసుపత్రి వాష్‌బేసిన్‌లో కాలు ఎత్తిపెట్టి కడుగుతుంటే ఆయమ్మ చూసే చూపు ఊహించగలను. దానికి తోలు మేజోళ్లున్నాయి. వుజూతో ఉన్నప్పుడు తొడుక్కుంటే, ఊళ్లో ఉన్న మనిషికి ఒక పగలూ ఒక రాత్రీ, ప్రయాణంలో ఉన్న మనిషికి మూడు రోజులూ కాళ్లు కడగనక్కరలేదు, పైన తడిచేత్తో తుడిస్తే చాలు. ఖుఫైన్ అని అడిగితే పెద్ద మసీదుల దగ్గర అత్తర్లు, టోపీలు అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. ఇక ఆపరేషన్ థియేటర్‌లో ఇరుక్కుపోయిన రోజున జుహర్, అసర్ కలిపి చదవవచ్చా అంటే, మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీలు హజ్‌లో తప్ప వద్దంటారు. భయమూ వానా లేకుండానే ప్రవక్త (స) మదీనాలో కలిపి చదివారనీ, తన సమాజానికి కష్టం కలగకూడదనే అలా చేశారనీ ఇబ్నె అబ్బాస్ (ర) చెప్పిన హదీసు ఆధారంగా తప్పనిసరి అయినప్పుడు పరవాలేదన్న పండితులూ ఉన్నారు. అత్యవసరానికి అది ఉందని తెలుసుకో, అలవాటు మాత్రం చేసుకోకు.

నెలసరి రోజుల్లో నమాజు లేదు, తరువాత పూరించే పనీ లేదు. రోజాలు (ఉపవాసాలు) మాత్రం లెక్కపెట్టుకుని తరువాత ఉండాలి. ఇది నీకు తెలిసే ఉంటుంది. ఆ వారం గడిచాక మళ్లీ మొదలుపెట్టడమే చాలామందికి కొండలా ఉంటుంది. ఆ రోజుల్లో కూడా వేళకు చాప మీద అయిదు నిమిషాలు కూర్చో. ఊరికే కూర్చున్నా సరే, దుఆ (వేడుకోలు) చేసుకున్నా సరే. వేళ అలవాటు తెగదు.

అరబీ సంగతి. తెలుగు లిపిలో అచ్చువేసిన నమాజు పుస్తకం పెట్టుకుని నేర్చుకుంటున్నావని నా అనుమానం. మన లిపి గొప్పదే, కానీ ఈ పనికి చాలదు. అరబీలో గొంతు లోపలి నుంచి వచ్చే 'ఖల్బ్' అంటే హృదయం, నాలుక వెనక నుంచి తేలికగా పలికే 'కల్బ్' అంటే కుక్క. తెలుగు పుస్తకాల్లో రెండూ ఒకే 'కల్బ్'గా కనిపించడం నేను చూశాను. మనకు ఒక్క 'హ' ఉన్నచోట వాళ్లకు రెండు, మన 'జ'కు దగ్గరగా వినిపించేవి నాలుగు. కాబట్టి కళ్లతో కాదు, చెవులతో నేర్చుకో. తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని ఆమె నోరు చూస్తూ పట్టుకోవాలి.

కానీ ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఉర్దూ మాట్లాడే పిల్లలకూ తెలుగు పిల్లలకూ ఖురాన్ నేర్పాను కాబట్టి చెబుతున్నాను. పొల్లు, ద్విత్వం, దీర్ఘం మన నాలుకకు పుట్టుకతో వచ్చిన విద్య. కలకూ కల్లకూ తేడా తెలియని తెలుగువాడు లేడు. పడడానికీ పాడడానికీ తేడా తెలియనివాడు లేడు. ఖురాన్ మొదటి సూరా (అధ్యాయం) ఫాతిహాలో 'రబ్బి'లో బకారం ఒత్తాలనీ, 'ఇయ్యాక'లో యకారం ఒత్తి ఆపైన సాగదీయాలనీ నీకు రెండుసార్లు చెప్పనక్కరలేదు. ఏడు ఆయతుల (వాక్యాల) ఫాతిహా, నాలుగు ఆయతుల ఇఖ్లాస్ సూరా సరిగ్గా వస్తే నమాజు నిలబడినట్టే. రోజుకు ఒక్క ఆయతు చొప్పున పట్టుకున్నా పదకొండు రోజుల పని. తడబడుతూ, కష్టపడుతూ ఖురాన్ చదివేవారికి రెండింతల పుణ్యం అని హదీసు. గడగడా చదివే పక్కింటావిడ మీద నీకున్న ఆ కాస్త అసూయను ఇక వదిలేయవచ్చు.

మనసు వార్డులో తిరుగుతోందన్నావు. నువ్వు పలికేదానికి తెలుగులో అర్థం తెలిస్తే కొంత నిలుస్తుంది. మంచి తెలుగు అనువాదాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఖురాన్‌ను మొదట తెలుగులోకి తెచ్చినది చిలుకూరి నారాయణరావు గారు. ముస్లిం కాదు, భాషా పండితుడు. ఎప్పుడైనా మీ అమ్మకు ఈ సంగతి చెప్పు.

పేరు మార్చుకోవాలా? ఉమర్, హమ్జా, ఖదీజా - ప్రవక్త (స) వెంట నిలిచిన వీళ్లవన్నీ ఇస్లాం రాకముందు పెట్టిన పేర్లే. ఎవరూ మార్చలేదు. అర్థం చెడ్డగా ఉన్నవాటినీ, మరో దేవతకు దాసులమని చెప్పేవాటినీ ప్రవక్త (స) మార్చారు. 'అవిధేయురాలు' అనే అర్థం వచ్చే పేరున్న ఉమర్ (ర) కూతురికి జమీలా అని పెట్టారు. నీ పేరు ఏమిటో రాయలేదు. అలాంటి అర్థమేదైనా ఉంటే పిలుపుకు ఒక కొత్త పేరు పెట్టుకో. పదో తరగతి సర్టిఫికెట్టు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఆధార్, బ్యాంకు - వీటి జోలికి ఇప్పుడు వెళ్లకు. గెజిట్‌లో వేయించి ఒక్కొక్కటీ మార్చుకుంటూ తిరిగే ఓపిక నీకు ఈ ఏడాది లేదు, ఆ అవసరమూ లేదు. ఇంకొక మాట ఎవరూ చెప్పి ఉండరు. ఎవరి తండ్రి పేరుతో వాళ్లను పిలవండి, అదే న్యాయం అని అహ్‌జాబ్ సూరా 5వ ఆయతు. నాన్న పేరు తీసేసి ఇంకెవరి పేరో తగిలించుకోమనే హక్కు ఎవరికీ లేదు. ఇంటిపేరు అలాగే ఉంచుకో. నాది ఈనాటికీ మా నాన్న ఇంటిపేరే. మొదట్లో మసీదు రిజిస్టరులో రాసేటప్పుడు గుమాస్తా కలం ఆపి నా వైపు చూసేవాడు. ఇప్పుడు ఆయన కొడుకు రాస్తున్నాడు, ఆపడం లేదు.

పెళ్లి. రెండు రంజాన్‌లు ఒంటరిగా గడిపే దాకా వద్దు. ఇది షరీఅత్ ఆదేశం కాదు, నా మాట. కొత్తగా వచ్చిన ఆడపిల్ల అనగానే భార్య పోయినవాళ్లు, భార్య ఉండగానే రెండో పెళ్లికి తయారైనవాళ్లు 'పుణ్యం కోసం' ముందుకు వస్తారు. అడిగేవాళ్లు లేరు కదా అనే ధీమా అది. వయసొచ్చిన స్త్రీ తన నికాహ్‌కు తానే ఒప్పుకోవచ్చని హనఫీలు అంటారు. వలీ (పెళ్లికూతురి తరఫు సంరక్షకుడు) ఉండాలనే మిగతావారి లెక్కలో కూడా ముస్లిం బంధువు లేని ఆమెకు ఖాజీయే వలీ. అంటే నీకు అడిగేవాళ్లు లేకపోలేదు. సంబంధం వస్తే మహర్ (వరుడు వధువుకు ఇవ్వవలసిన సొమ్ము) ఎంత, ఎప్పుడు ఇస్తాడు, నికాహ్‌నామాలో రాస్తాడా అని మొదటి రోజే అడుగు. సగంమంది టీ తాగకుండానే వెళ్లిపోతారు.

మీ అన్నయ్య చెప్పిన పొలం మాట తప్పు. నాన్న పోయేనాటికి నువ్వు మతం మారలేదు. వీలునామా లేకపోతే నీ వాటా ఆ రోజే నీకు వచ్చేసింది, తరువాత ఏం చదివినా వెనక్కి పోదు. మతం మారినంత మాత్రాన ఆస్తి హక్కు పోదని 1850 నాటి చట్టమే (ఈమధ్య రద్దయింది) చెప్పింది. 1956 హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ పక్కన పెట్టేది మారిన మనిషిని కాదు. మారాక పుట్టిన పిల్లలకు హిందూ బంధువుల ఆస్తిలో హక్కు ఉండదంటుంది, అంతే. ఇది నీ ధైర్యం కోసం చెప్పాను. ఇంట్లో ఈ మాట నువ్వుగా ఎత్తకు. ఎత్తావంటే మిగతా మాటలన్నీ పొలం గట్టు దగ్గరే ఆగిపోతాయి.

మసీదులో చోటు లేదన్న నీ బాధ న్యాయమైనది. అల్లాహ్ దాసీలను అల్లాహ్ మసీదులకు రాకుండా ఆపవద్దని ప్రవక్త (స) మాట. ఆడవాళ్లు మసీదులోకి రావడానికి అడ్డు లేదని అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డు కూడా 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. అయినా మన ఊళ్లలో కట్టేటప్పుడే ఆ గది కట్టరు. దీని మీద నాకు ముప్పై ఏళ్ల కోపం ఉంది. దాన్ని నీకు అంటించను. హైదరాబాద్‌లో ఆడవాళ్లకు చోటున్న మసీదులు ఉన్నాయి, వెతికితే దొరుకుతాయి. ఇళ్లలో వారానికోసారి ఆడవాళ్లు కూర్చుని తెలుగులో ఖురాన్ చదువుకునే దర్స్‌లూ జరుగుతాయి. నీకు కావలసింది యాభై మంది కాదు. నీ తప్పులు దిద్దే ఒక్క మనిషి, ఇఫ్తార్‌కు పిలిచే ఒక్క ఇల్లు. ఫోనులో కనిపించే పెద్దమనుషుల్ని మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టు. పండగ శుభాకాంక్ష చెబితేనే దీన్ (మతం) పోయిందని అరిచే ఆయనకు నీ బీపీ అమ్మ గురించి తెలియదు.

ఇక అమ్మ.

లుఖ్మాన్ సూరా 14, 15 ఆయతులు తెలుగులో ఈ రాత్రే చదువు. నీరసం మీద నీరసంతో తల్లి మోసిందనీ, రెండేళ్లకు పాలు మాన్పించిందనీ ముందు గుర్తుచేస్తుంది. వాళ్లు నిన్ను షిర్క్ (దేవుడికి సాటి కల్పించడం) వైపు బలవంతపెడితే ఆ ఒక్క విషయంలో మాట వినకు అంటుంది. ఆ వెంటనే, ఈ లోకంలో వాళ్లతో మంచిగా మెలుగు అంటుంది. సాద్ ఇబ్నె అబీ వఖ్ఖాస్ (ర) తల్లి కొడుకు మతం మారాడని అన్నం నీళ్లు మానేసిన సందర్భంలో దిగిన మాటగా దీన్ని చెబుతారు. అంటే అన్నం మానేసిన తల్లితో కూడా మంచిగా ఉండమనే అర్థం. అబూబక్ర్ కూతురు అస్మా (ర) దగ్గరికి ఆమె తల్లి వచ్చింది, ఇంకా విగ్రహారాధనలోనే ఉంది. బంధం నిలుపుకోవచ్చా అని అస్మా అడిగితే, నిలుపుకో, ఆమె నీ తల్లి అన్నారు ప్రవక్త (స). ఇంటికి వెళ్లకు అనే మీ వీధి ఆడవాళ్లకు ఈ హదీసు చెప్పు. బుఖారీలోనే ఉంది.

ఏడాదిన్నర దాచావని నిన్ను నువ్వు తిట్టుకోకు. ఈజిప్టు రాజు ఫిరౌన్ కుటుంబంలోనే ఉంటూ విశ్వాసాన్ని దాచుకున్న మనిషిని ఖురాన్ పేరు లేకుండానే పొగిడింది. కానీ దాచే గడువు నీకు అయిపోవచ్చింది. అన్నయ్యకు అనుమానం వచ్చిందన్నావు కదా. ఇక అది అమ్మకు నీ నోటి నుంచి తెలియాలా, అన్నయ్య నోటి నుంచి తెలియాలా అన్నదే మిగిలింది. నేను ఇక్కడే తప్పు చేశాను. మేనమామకు చెప్పి, మెల్లగా అమ్మ చెవిన వేయమన్నాను. ఆయన మెల్లగా వేసేలోపే పాల కేంద్రం దగ్గర పక్కింటావిడ చెప్పేసింది. మా అమ్మ నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. తరువాత ఎప్పుడో అంది: 'నువ్వు ఏ దేవుణ్ణి మొక్కితే నాకెందుకే, ఊళ్లో అందరికీ తెలిశాక నాకు తెలియడమా?' ఆమె నాలుగు నెలల మౌనం మతం గురించి అని నేను అనుకుంటూ వచ్చాను.

అందుకని పండగ పూట చెప్పకు. చుట్టాలు, ఆడపడుచులు, వంటిల్లు నిండా మనుషులు ఉన్నప్పుడు అమ్మకు ఏడవడానికి కూడా చోటు ఉండదు. డిసెంబరులో రెండు రోజులు సెలవు పెట్టి ఒక్కదానివే వెళ్లు. బొట్టు లేదేమిటి అని ఆమే అడుగుతుంది, గుమ్మంలోనే. 'చెబుతానమ్మా, ముందు అన్నం పెట్టు' అను. మధ్యాహ్నం ఆమె బీపీ మాత్ర వేసుకుని నడుం వాల్చినప్పుడు పక్కన కూర్చుని చెప్పు. ఏది మారలేదో ముందు చెప్పు: నీ కూతురినే, ఇంటిపేరు అదే, ప్రతి పండక్కీ వస్తాను, నీ మందులు నేనే కొంటాను. తరువాత ఏది మారిందో రెండు వాక్యాల్లో చెప్పి ఊరుకో. విగ్రహాల మీద ఒక్క మాట మాట్లాడకు. వాళ్లు వేడుకునేవాటిని దూషించవద్దని అన్ఆమ్ సూరా 108వ ఆయతు. ఆమె అరిస్తే అరవనివ్వు. ఆమె దేవుడి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటే బయట కూర్చో. అయితే అన్నయ్య చేయి చేసుకునే మనిషి అయితే ఇదంతా వద్దు. ముందు ఒరిజినల్ సర్టిఫికెట్లు నీ దగ్గరికి తెచ్చుకో. అప్పటికి ఆగు. తరువాత మధ్యవర్తిగా పెద్దమనిషిని పెట్టుకుని బయట కలుసుకో.

సంక్రాంతికి వెళ్లు. ముగ్గు వెయ్యి, నీ చేయి పోదు. అమ్మకు చీర పట్టుకెళ్లు. పూజలో కూర్చోకు, హారతి తీసుకోకు. నాన్నకు బట్టలు పెట్టే వేళ ఆ ఇంట్లో ఉండటం వేరు, ఆ కార్యం చేయడం వేరు. గుమ్మం దగ్గర నిలబడు, అమ్మ ఏడుస్తుంది కదా, ఆమె భుజం పట్టుకో. కనుమ నాటి కోడికూర దగ్గర గొడవ వద్దు. భీమవరంలో హలాల్ కోడి కొని పట్టుకెళ్లు, లేదంటే చేప. చేపకు జబహ్ (ఇస్లాం పద్ధతిలో కోయడం) అక్కరలేదు, పైగా మీ ఊళ్లో చేపకు కరువా? రొయ్య దగ్గర హనఫీ పండితుల్లోనే రెండు మాటలున్నాయి, నేను తింటాను. కోడిపందాలకు పిలిస్తే వెళ్లకు. అది జూదం, మతం మారకపోయినా ఇదే చెప్పేదాన్ని.

మిగిలింది ప్రసాదం. దేవుడి ముందు పెట్టినది తినవద్దనే ఎక్కువమంది పండితుల మాట, నేనూ అదే పాటిస్తాను. ఎలా వద్దనాలి అనేది నాకు ఎవరూ నేర్పలేదు. అమ్మే నేర్పింది.

1997లో సంక్రాంతి రంజాన్ నెలలో పడింది. అమ్మ మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టాక నేను ఇంటికి వెళ్లిన మొదటి పండగ. రంజాన్ మొదలై రెండు మూడు రోజులే. నా రోజా గురించి అమ్మతో అనలేదు. ఆమె కూడా పొద్దున అన్నానికి పిలవలేదు. మా ఇంట్లో నైవేద్యం పెట్టే దాకా అరిసెలు వాసన చూసినా ఊరుకునేది కాదు. చిన్నప్పుడు ఒకసారి దొంగతనంగా కొరికినందుకు అట్లకాడతో కొట్టింది, ఆ మచ్చ మోచేతి మీద ఉంది. ఆ రోజు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మూకుట్లోంచి తీసిన మొదటి వాయి అరిసెలను చెక్కల మధ్య నొక్కి, నూనె కార్చి, నాలుగింటిని విడిగా స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించింది. మిగతావి ఇత్తడి పళ్లెంలో సర్ది దేవుడి గదిలోకి తీసుకెళ్లింది. నాతో ఒక్క మాట లేదు. సాయంత్రం ఊరి చివరి మసీదు నుంచి అజాన్ వినిపించగానే ఆ డబ్బా, చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టి, దొడ్లోకి వెళ్లిపోయింది.

దేవుడికి పెట్టకముందు తీసిపెట్టడం అంటే ఆమె లెక్కలో ఎంత పెద్ద అపచారమో నీకు వేరే చెప్పనక్కరలేదు. ఎవరిని అడిగి తెలుసుకుందో, ఎన్ని రోజులు ఆలోచించిందో ఈనాటికీ నాకు తెలియదు. అమ్మ చివరి దాకా తన పూజ తాను చేసుకుంది. నేను ఒక్కసారి కూడా దావత్ (ఇస్లాంలోకి రమ్మని పిలవడం) అనే మాట ఎత్తలేదు. కానీ ఆ తరువాత ఏటా ఆ స్టీలు డబ్బా ఉండేది.

నీ అమ్మ అలా చేస్తుందని నేను మాట ఇవ్వలేను. అడగవలసిన మాట మాత్రం చెప్పగలను: 'అమ్మా, నావి ముందే తీసి పక్కన పెడతావా?' ప్రసాదం తినను అనడం కంటే ఈ మాట అనడం తేలిక, వినడమూ తేలిక. కుదరదు అంటే ఆ పూట ఉపవాసం ఉన్నాననుకో.

ఈ ఏళ్లలో సంక్రాంతి అయ్యాక ఎక్కువ రోజులు కాకుండానే రంజాన్ వచ్చేస్తోంది. నీ డ్యూటీ చార్టు వేసే ఆమెను ఇప్పుడే అడిగి ఆ నెలలో రాత్రి డ్యూటీలు వేయించుకో, సహర్ (తెల్లవారకముందు తినే భోజనం) సులువవుతుంది. డిసెంబరు ప్రయాణానికి టిక్కెట్టు దొరుకుతుంది. సంక్రాంతికి భీమవరం వైపు బస్సూ రైలూ రెండూ నిండిపోతాయి. ఈ సమాధానం చదవడం పూర్తికాగానే ఆ పని చూడు.